బెల్లం కరిగేదాకా

మా ఇంట్లో తేనెటీగలకు కూడా వాటా ఉండేది. వీధివైపు బెల్లం మండీ, దాని వెనకనే మేం ఉండే ఇల్లు, రెంటికీ మధ్య ఒక చీకటి నడవ. చిత్తూరు వైపు నుంచి వచ్చే బెల్లం బుట్టలు మండీలో పైకప్పు దాకా పేర్చి ఉండేవి. పొద్దు కాస్త ఎక్కిందంటే చాలు, తేనెటీగలు ఆ బుట్టల మీద వాలి, కడుపునిండా తిని, నడవ గుండా మా మండువాలోకి వచ్చి, నీళ్ళతొట్టి అంచున కూచుని దాహం తీర్చుకుని, వచ్చిన దారినే పోయేవి. వాటిని ఎవరూ తోలేవాళ్ళు కాదు. మా చుట్టాలైనా అంత క్రమంగా వచ్చిపోయేవాళ్ళు కాదు.

ఇది మద్రాసులో, వాషర్‌మెన్‌పేటలో. మద్రాసు తెలుగువాళ్ళదా తమిళులదా అని పెద్దవాళ్ళు తిన్నెల మీద కూచుని గొంతులు పోగొట్టుకున్న రోజులవి. తరతరాలుగా అక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. అందుకని మా తాత ఆ వాదాల్లో ఎటూ చేరకుండా రెండు పక్షాలకూ మజ్జిగ ఇప్పించేవాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అయినా మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాలిస్తే నేను ఆ ఇంట్లోకే పోతాను. ముందు వాసన వస్తుంది. కొత్త బెల్లం, తడిసిన తాటాకు, గోనెసంచీ కలిసిన వాసన. తర్వాత చప్పుడు. వందల ఈగలు ఒకేసారి రెక్కలాడిస్తే వచ్చే ఆ జుమ్మనే శబ్దం మా ఇంటికి ఊపిరి. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కనుక అది ఉన్నట్టే మాకు తెలిసేది కాదు, ఎప్పుడైనా ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. మండువా పైనుంచి ఎండ నేల మీద పలకలాగా పడి, మెల్లమెల్లగా జరుగుతూ గోడ ఎక్కేది. ఆ ఎండలోకి వచ్చిన ఈగ మెరిసేది, నీడలోకి పోగానే మాయమయ్యేది. ఎన్ని గంటలైందో, ఏ వారమో ఎవరికీ పట్టేది కాదు. నేను చెప్పబోయేదీ అలాంటి మధ్యాహ్నం సంగతే. కాకపోతే ఆ రోజు శుక్రవారమని నాకు బాగా గుర్తు.

అన్ని ఈగలున్నచోట కుట్టకుండా ఉంటాయా? మా వీధిలో కుట్టించుకోని పిల్ల లేదు. కుట్టగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చేది మా తిన్నె దగ్గరికే. మా అవ్వ కోసం, అంటే మా నాయన తల్లి కోసం. పొట్టి మనిషి, పెద్ద నోరు. తెలుగువాళ్ళు అవ్వా అనేవాళ్ళు, తమిళం వాళ్ళు వెల్లపాట్టి అనేవాళ్ళు, బెల్లం అవ్వ అని. తేనెటీగ గానీ కందిరీగ గానీ గండుచీమ గానీ, కుట్టింది ఏదైనా సరే, ఆమె చెయ్యి తగిలితే నొప్పి దిగిపోతుందని అందరి నమ్మకం. హస్తవాసి అంటాం కదా, అదే. అక్కడ మాత్రం మేమూ తమిళుల మాటే వాడేవాళ్ళం, కైరాశి అని. ఈమె కైరాశి ముందు డాక్టర్లు ఎందుకు పనికొస్తారని తల్లులు అంటుంటే అవ్వ వినపడనట్టు కొంగుతో మొహం తుడుచుకునేది. వినపడేది. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తినేది.

ఆ పేరు నా వల్ల పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పోగొట్టింది నేనని మా అవ్వకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలియాల్సిన పెద్దవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి చెప్పడానికి అడ్డమూ లేదు.

అవ్వ వైద్యంలో మంత్రం లేదు. చూసేవాళ్ళకు మాత్రం ఉన్నట్టే అనిపించేది, ఎందుకంటే ఆమె ఒక్క పనీ వరస తప్పేది కాదు. ముందు పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకునేది. కుట్టినచోటు వెలుగుకు తిప్పి చూసేది. తేనెటీగైతే ముల్లు చర్మంలోనే వదిలేసి పోతుంది. ఏ తల్లయినా దాన్ని వేళ్ళతో పట్టి పీకబోతే అవ్వ ఆ తల్లి చెయ్యి మీద చిన్న దెబ్బ వేసేది. "ముల్లుకు విషం తిత్తి వుంటాది గదమ్మా. పట్టి పీకితే అది లోపలికి పిండినట్టే. పీక్కూడదు, గీకాల" అనేది. బెల్లం బుట్టకు చుట్టివచ్చిన తాటాకులోంచి వేలెడు ముక్క చించి, దాని అంచుతో చర్మం మీద పక్కకు ఒక్క గీకు గీకేది. ముల్లు ఊడి వచ్చేది. తర్వాత చల్లటి నీళ్ళతో కడిగేది. తాగేనీళ్ళ కుండ కింద ఎప్పుడూ తడిగా ఉండే ఇసుకను గుడ్డలో మూటకట్టి వాపు మీద అద్దిపెట్టేది. కందిరీగ ముల్లు వదలదు కాబట్టి దానికి గీకుడు లేదు. చీమ కుడితే ఉల్లిపాయ ముక్కతో రుద్దేది. ఉల్లిపాయ వల్ల ఒరిగేదేం లేదని డాక్టరు చదువుతున్న మా మనవరాలు ఈ మధ్యనే తేల్చిచెప్పింది. తక్కినదంతా సరేనంది. అవ్వ ఉంటే దాని చెయ్యి మీదా ఒక దెబ్బ పడేది.

అన్నిటికన్నా చివర బెల్లం. ముఖ్యమైనది అదే. పక్కన జల్లెడ మూత వేసిన పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి, రెండుగా విరిచి, రెంటినీ ఎండకేసి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు ఒకటి పిల్ల నోట్లో పెట్టేది. "నమలొద్దు, చప్పరించు. అది కరిగేదాకా ఈడ్నే కూచోవాల" అనేది. కరిగేదాకా పిల్ల ముఖంకేసే చూస్తూ ఉండేది. అంత ఏడ్చిన పిల్లా ఏడుపు మరిచిపోయి చప్పరిస్తూ కూచునేది. వైద్యం మహిమంతా ఆ బెల్లంలోనే ఉందని తల్లులు అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. ఎండకు పట్టి చూడటం మాత్రం సూర్యుడికి చూపించడం ఏమో అనుకున్నాను, లేకపోతే ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఇక నా చేతి సంగతి. నేను పుట్టిన వారంలో మండీకి ఎన్నడూ రానంత మంచి సరుకు వచ్చిందట. దాంతో మా తాత నా చేతికి కైరాశి ఉందని తీర్మానించేశాడు. నాకు నడక వచ్చిన నాటి నుంచి రోజూ పొద్దున మండీ తలుపులు తీయగానే నన్ను పిలిచి, ఆ రోజు మొదటి బుట్ట తాడు నా చేతనే విప్పించేవాడు. ఒకసారి జ్వరంతో పడుకుంటే దుప్పటితో సహా ఎత్తుకుపోయి విప్పించాడు. నేను తాడు లాగుతుంటే కూలీలు, సరుకు కోసం వచ్చిన అంగళ్ళవాళ్ళు అందరూ మాటలాపి నిలబడేవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి? బళ్ళో లెక్క తప్పుచేస్తే పంతులమ్మ నా అరచేతి మీద బెత్తంతో కొట్టింది. ఏ చేతిని కొడుతోందో పాపం ఈమెకు తెలీదు కదా అని నేను ఆమె మీదే జాలిపడ్డాను.

ఆ శుక్రవారం అమ్మ తిరువొత్తియూరు వెళ్ళింది, వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని. సాయంత్రం రైలుకు వచ్చేస్తానని రెండేళ్ళ మా తమ్ముణ్ణి అవ్వకు అప్పగించింది. నాయన సరుకు చూడటానికి ఊరికి పోయాడు. తాత మండీలో దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. భోజనాలయ్యాక అవ్వ శీకాయ గిన్నె పట్టుకుని స్నానాలగది వైపు పోతూ నాకు చెప్పింది.

"పాపా, వాణ్ణి చూసుకో. తలకు పోసుకొని వొచ్చేస్తా. ఏమన్నా అయితే తలుపు కొట్టు, తెలిసిందా?"

తలుపు కొట్టు అంది. నేను విన్నాను. తల కూడా ఊపాను.

తమ్ముడికి ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు. ఎండపలక అంచు వెంబడి ఒక్కో అడుగూ వేస్తూ, నీడలోకి కాలు పోతే తనలో తనే నవ్వుకుంటూ ఏదో ఆట ఆడుతున్నాడు. లోపల చెంబుతో నీళ్ళు పోసుకునే చప్పుడు. తలుపు కింది నుంచి శీకాయ వాసన. నేను స్తంభానికి ఆనుకుని వాడినే చూస్తూ ఉన్నాను, కళ్ళు బరువెక్కుతున్నాయి. వాడు, వాడి నీడ, ఈగలు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అంతలో వాడు కెవ్వుమన్నాడు. నేల మీద పాకుతున్న తేనెటీగను తొక్కాడు.

నేను తలుపు కొట్టలేదు. నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు, సంతోషమే. ఊరికే తాళ్ళు విప్పే నా చేతికి ఇన్నాళ్ళకు అసలైన పని దొరికింది. అవ్వ తల తుడుచుకుంటూ వచ్చేసరికి వాడు నా ఒళ్ళో బెల్లం చప్పరిస్తూ ఉండాలి. అవ్వ బుగ్గన వేలేసుకోవాలి. సాయంత్రానికి వీధంతా తెలియాలి.

అన్నీ వరసగా చేశాను. ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. పాదం వెలుగుకు తిప్పాను. తాటాకు చించి పక్కకు ఒక్క గీకు గీకాను. ముల్లు ఊడి తాటాకు అంచుకు అంటుకుంది. ఎంత బాగా వచ్చిందని! నీళ్ళతో కడిగాను, ఇసుకమూట పెట్టాను. వాడి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. ఈగలు తప్ప ఎవరూ లేరు.

ఇంక బెల్లం మిగిలింది. జల్లెడ మూత పళ్ళెం వంటింటి అటక మీద ఉంది, నాకు అందదు. నడవలో మాత్రం పొద్దున నేను తాడు విప్పిన బుట్ట ఉంది. నా చేత్తో విప్పిన బుట్ట, అంతకన్నా మంచి బెల్లం ఎక్కడుంటుంది? వానాకాలం బెల్లమది. చెమర్చి, మెత్తబడి, నల్లగా ఈగలు ముసిరి ఉంది. గట్టిగా ఊదాను. లేచిపోయాయి. ఒక ముక్క గిల్లుకుని వచ్చి, విరవకుండా, ఎండకు పట్టకుండా వాడి నోట్లో పెట్టేశాను. "నమలొద్దు, చప్పరించు" అన్నాను, అచ్చం అవ్వ గొంతుతోనే.

ఆ ముక్క అడుగున ఒక ఈగ కాళ్ళు కూరుకుపోయి లేవలేక ఉండిపోయింది. ఒక్కసారి తిప్పి చూసుంటే కనిపించేదే.

వాడు నోరు తెరిచి నాకేసి చూశాడు. ముందు గొంతులోంచి చప్పుడే రాలేదు. తర్వాత వచ్చిన అరుపు నేను ఇంతవరకూ మళ్ళీ వినలేదు. చొంగతో పాటు బెల్లం జారిపడింది, దాంతోపాటే ఈగ పడింది, ఇంకా కాళ్ళాడిస్తూ. నాలుక మీద, కాస్త వెనక్కు, నల్లటి ముల్లు. తాటాకు నా చేతిలోనే ఉంది. దాన్ని అక్కడే పడేశాను. అప్పుడు తలుపు కొట్టాను. రెండు చేతులతో కొట్టాను.

అవ్వ తడి చీర చుట్టుకుని, తలలో శీకాయ నురగతోనే బయటికి వచ్చింది. వాడి దవడ నొక్కి, నాలుకను కొంగుతో పట్టుకుని, బొటనవేలి గోటితో ముల్లు గీకేసింది. తర్వాత ఒక్క క్షణం ఆగి వాడి ముఖంలోకి చూసింది, అందరి పిల్లలనూ చూసినట్టే. నేనూ చూశాను. నాలుక ఉబ్బుతోంది. పెదవులు ఉబ్బుతున్నాయి. ఊపిరి తీస్తుంటే లోపల సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తోంది.

"ఇది నా చేత కాదు" అంది అవ్వ. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదటిసారి.

వాణ్ణి భుజానేసుకుని నడవలోంచి మండీలోకి, మండీలోంచి వీధిలోకి పరుగెత్తింది. వెనక నేను. తాత అదిరిపడి లేచాడు.

"ఏమైంది? ఏమైందే?"

"నాలిక మింద ఈగ కుట్టింది. రిక్షా పిలవండి, సీక్రం!"

శుక్రవారం పూట, విరబోసిన తడి తలతో మా అవ్వ వీధిలో నిలబడింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ముడి వేసుకోకుండా గడప దాటని మనిషి. తిన్నెల మీది ఆడవాళ్ళంతా లేచి నిలుచున్నారు. అవ్వ ఎవరినీ చూడకుండా ఎదుటి సోడా కొట్టుకు పోయి, రంపపు పొట్టులో ఉన్న ఐసు గడ్డ లాగి, కొట్టువాడి నీళ్ళతోనే కడిగి, పగలగొట్టి, కొంగులో చుట్టి తమ్ముడి నోట్లో పెట్టింది. రిక్షా ఎక్కాం.

ఆ దారంతా నాకు నీళ్ళలోంచి చూసినట్టు గుర్తుంది. రిక్షా లాగే మనిషి కాళ్ళు, వీపు మీద చెమట. అంగళ్ళు వెనక్కు పోతున్నాయి, చప్పుడు లేకుండా. ట్రాము పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి. అవ్వ జుట్టు నుంచి నీళ్ళు నా మోకాళ్ళ మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. వినిపిస్తున్నది ఒక్కటే, వాడి లోపలి ఆ సన్నటి ఈల. అది ఆగిపోతుందేమోనని నేను వింటూ కూచున్నాను. వాణ్ణి ఇచ్చెయ్, నా చెయ్యి తీసేసుకో అని దేవుణ్ణి అడిగాను. ఏ చేత్తో పెట్టానో అది కూడా చెప్పాను, కుడిచెయ్యి అని, ఆయన పొరబడకుండా.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ వాణ్ణి చూడగానే లాక్కుని లోపలికి తీసుకుపోయింది. సూది వేసింది. గొంతులోకి దీపం వేసి చూసింది. వాడి పక్కనే నిలబడి, మమ్మల్ని తమిళంలో అడిగింది, ఈగ నోట్లోకి ఎలా పోయిందని. బెల్లంలో అని చెప్పింది అవ్వ. "చూడకుండా పసిపిల్లాడికి బెల్లం ఎవరు పెట్టారు?" అందావిడ.

నేను నోరు తెరిచాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చర్మంలో దిగింది.

"నాన్‌దాన్ అమ్మా" అంది అవ్వ. నేనే, అని.

దీపాలు పెట్టేవేళకు ఆ ఈల మెత్తబడింది. కిటికీలో ఎండ ఎర్రబడి గోడ ఎక్కుతోంది, మా మండువాలో లాగే. వాడు నిద్రపోయాడు. భయం లేదంది డాక్టరమ్మ, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని కూడా అంది. తాత కబురు పెడితే అమ్మ స్టేషను నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. ఆమె అడిగినప్పుడు కూడా అవ్వ అదే చెప్పింది.

"నేనే ఇచ్చినా. కండ్లు సరిగా కనపళ్ళా. చూడకుండా ఇచ్చేసినా."

అమ్మ వాణ్ణి తీసుకుని అటు తిరిగి కూచుంది. తిట్టినా బాగుండేది.

తమ్ముడు నాలుగు రోజులకు మామూలుగా అన్నం తిన్నాడు. వాడికి ఇదేదీ గుర్తులేదు. ఇప్పుడు డెబ్బై దాటాడు, షుగరున్నా దొంగతనంగా బెల్లం తింటాడు.

వీధి మాత్రం మరిచిపోలేదు. ఎవరూ ఏమీ అనలేదు, మంచివాళ్ళు. ఊరికే రావడం మానేశారు. పాట్టికి చూపు తగ్గిపోయిందట, కైరాశి పోయిందట, సొంత మనవడికే ఈగున్న బెల్లం పెట్టిందట అని కుళాయి దగ్గర అనుకోవడం నేను విన్నాను. ఒకరోజు ఎదురింటి దర్జీ భార్య కూతుర్ని చంకనేసుకుని పరుగున వచ్చింది. పిల్ల చెయ్యి వాచి ఉంది. అవ్వ తిన్నె మీద నుంచి లేచి, అలవాటుగా తాటాకు చించి పట్టుకుంది. ఆ తల్లి మా గడప ముందు ఒక్క క్షణం అడుగు తడబడి, తల దించుకుని, ఆసుపత్రి వైపు పోయింది. అవ్వ ఆ తాటాకు ముక్కను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు నిలబడింది. ఆ రాత్రి తినలేదు. నాకు ఆకలి లేదంటే మాత్రం తిట్టి పెట్టింది.

నా చేతికి ఏమీ కాలేదు. తాత రోజూ పిలుస్తూనే ఉన్నాడు, నేను విప్పుతూనే ఉన్నాను. తాడు ముడి ఊడగానే చెయ్యి వెనక్కు లాక్కునేదాన్ని. బెల్లం ముట్టుకోవడం మానేశాను. ఇంట్లో ఎవరూ అది గమనించలేదు, లేదా గమనించినవాళ్ళు ఊరుకున్నారు.

ఇంక తట్టుకోలేక ఒక రోజు మేడ మీద అవ్వ వడియాలు తిప్పుతుంటే వెళ్ళి చెప్పాను, "అవ్వా, నేను తాతకు చెప్పేస్తా. అందరికీ చెప్పేస్తా."

ఆమె తిరిగి చూడలేదు. "చెప్పి? రేపొద్దున బుట్ట విప్పేదానికి మీ తాత నిన్ను పిలస్తాడా? పిలవడు. ఆ తరవాత వీధిలో వాళ్ళు అడగతారు, ఆ పిల్లను ఎందుకు పిలవడం లేదని. తమ్ముడికి విషం పెట్టిన చెయ్యి అంటారు. రేపు నిన్ను చేసుకొని పొయ్యేవాళ్ళ ఇంట్లో పాలు విరిగినా నీ చెయ్యే అంటారు."

"నీ చెయ్యిని అంటా వుండారు గదా?"

"నా చెయ్యి ఇంకేం చెయ్యాల? గంజి తాగాల, అంతే. నీ చెయ్యి ఇంకా ఎన్నో చెయ్యాల." ఒక వడియం తిప్పి, దాని వీపు మీద చిన్నగా తట్టింది. "పెద్ద రాశి చెయ్యి అని గొప్పలు పొయ్యినావు గానీ, బెల్లం ఎందుకు పెడతానో తెలుసుకున్నావా?"

నొప్పి పోవడానికి అన్నాను.

"నొప్పికి కాదు. నోట్లో బెల్లముంటే పిల్ల కదలకుండా కూచుంటాది. ఆ సేపూ నేను చూస్తా. పెదాలు వాస్తా వుండాయా, కండ్లు వాస్తా వుండాయా, ఊపిరిలో చప్పుడొస్తా వుండాదా. కరిగేలోపల తెలిసిపోతాది. తేడాగా వుంటే ఆసుపత్రికే. నువ్వు బెల్లం పెట్టడం నేర్చుకున్నావు పాపా, చూడ్డం నేర్చుకోలా."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు. వడియాలన్నీ తిప్పడం అయ్యాక చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది.

మళ్ళీ ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఎండపలక మండువాలో దాని చోటుకు అది వచ్చి పడి ఉంది. తమ్ముడు అమ్మ పక్కన నిద్రపోతున్నాడు. నేను స్తంభం దగ్గర కూచుని పుస్తకం ముందేసుకుని చదవడం లేదు. అవ్వ నీళ్ళతొట్టిలో చేతులు కడుక్కుంటూ "ఉస్సు" అంది. అంతే, పెద్దగా అనలేదు. వచ్చి నా ముందు కూచుని కుడిచెయ్యి చాపింది. బొటనవేలి కింద, కండ ఉన్నచోట ముల్లు నిలబడి ఉంది.

"తియ్యి" అంది.

నేను రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నాను. "నా చెయ్యి వొద్దవ్వా. నువ్వే తీసుకో."

"నాకు కండ్లు కనపడవు గదా. వీధంతా అంటా వుండారు, నీకు తెలీదా?"

ఆ పొద్దున్నే, వత్తుల దీపం వెలుగులో, అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చిన మనిషి ఈ మాట అంటోంది. చాపిన చెయ్యి తీయలేదు. ఆ చేతి కింద వాపు ఎర్రగా పాకడం నాకు కనిపిస్తోంది. ఎంతమంది పిల్లలను ముట్టుకున్న చెయ్యి అది. లేచాను. బుట్ట మీది తాటాకు చించాను. మొదటి ముక్క అడ్డంగా చిరిగిపోయింది. రెండోది చించాను. ఆమె అరచెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, వెలుగుకు తిప్పి, పక్కకు ఒక్క గీకు గీకాను. ఊడి వచ్చింది. కడిగాను. కుండ కింది ఇసుక తెచ్చి మూటకట్టి అద్దిపెట్టాను. అయిపోయిందనుకుని చేతులు తుడుచుకున్నాను.

అవ్వ కదల్లేదు. పసిపిల్లలాగా నోరు తెరిచింది.

నాకు అర్థం కాలేదు. ఆమె నోరు మూసి, "బెల్లం ఎవురు పెడతారు, మీ తాతా?" అని మళ్ళీ తెరిచింది.

వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని అటక మీది పళ్ళెం దించాను. జల్లెడ తీసి, ఇన్ని నెలల తర్వాత ఒక ముక్క చేత్తో తీసుకున్నాను. మండువాలోకి వచ్చి రెండుగా విరిచాను. రెంటినీ ఎండకేసి పట్టుకుని అటు తిప్పాను, ఇటు తిప్పాను, అడుగు చూశాను, మళ్ళీ చూశాను. అవ్వ నోరు తెరుచుకునే ఉంది, తొందరపెట్టలేదు. ఒక ముక్క ఆమె నాలుక మీద పెట్టాను.

"నమలొద్దు" అన్నాను. గొంతు నాదే వచ్చింది.

ఆమె నోరు మూసుకుని, నాకేసి చూస్తూ చప్పరించడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూచుని ఆమె పెదవులు చూశాను, కళ్ళు చూశాను, ఊపిరి విన్నాను. ఈగలు నీళ్ళతొట్టికి వచ్చిపోతున్నాయి. అది కరిగేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.